ఆయాల మీటింగు

2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంతటా అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. మేమూ సెంటర్లకు తాళాలు వేసి మా మండల కేంద్రం బుచ్చయ్యపేటలో టెంటు కిందికి చేరాం. అంతకు వారం ముందే మిచాంగ్ తుఫాను. కోసిన వరి పనలు నానిపోయి ఇంటింటా అదే దిగులు. ఆ దిగులు మోసుకునే వడ్డాది, రాజాం, లోపూడి వైపు నుంచి ఆటోల్లో వచ్చాం.

టీచర్లు బ్యానరు కడుతున్నారు, మైకు సరిచూస్తున్నారు. ఆయాలం నేల ఊడ్చాం, పట్టాలు పరిచాం, మంచినీళ్ల డ్రమ్ము నింపాం. మధ్యాహ్నం పులిహోర కలిపిందీ మేమే, తిన్న ఆకులు ఎత్తిందీ మేమే. ఇలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. అలవాటైన చేతులు, ఆగలేదు.

"సమ్మెలో కూడా సీపురు మన సేతికేనేటే?" అంది రాజాం ఆయా.

అందరం పకపకా నవ్వాం. నవ్వుతూనే చీపుళ్లు మూల పడేసి, టెంటు వెనకాల ఓ పట్టా లాక్కుని కూర్చున్నాం. అదే మా మొదటి మీటింగు అని అప్పుడు మాకు తెలీదు.

మా పని సంగతి చెప్పాలి. పొద్దున్న తొమ్మిదికల్లా సెంటరు తెరిచి ఊడవాలి. ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని తేవాలి, ఏడ్చేవాణ్ణి చంకనెక్కించుకోవాలి. గుడ్లు ఉడకబెట్టాలి, పప్పూ అన్నం వండాలి, తినిపించాలి, కడగాలి, నిద్రపుచ్చాలి, మళ్లీ ఇళ్లకు దింపాలి. దీనికి అప్పటికి నెలకు 7,000. టీచరుకు 11,500. 2019 నుంచి అదే లెక్క. పక్కనున్న తెలంగాణలో టీచరుకు 13,650 ఇస్తున్నారని మైకులో చెబితే చప్పట్లు కొట్టాం. ఆయాకెంతో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇంకో రోజు ఒక నాయకుడు వచ్చి గ్రాట్యుటీ గురించి మాట్లాడాడు. అంగన్‌వాడీ టీచర్లకూ హెల్పర్లకూ, అంటే మా ఆయాలకూ, గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందట. ఆయన వెళ్లిపోయాక వడ్డాది ఆయా నెమ్మదిగా అడిగింది: "గ్రాట్యుటీ అంటే ఏటప్పా?"

నాకు తెలిసినంత చెప్పాను. ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, ఎన్నేళ్లు చేస్తే అన్నేళ్లకి, వెళ్లిపోయేటప్పుడు ఒక్కసారే ఇవ్వాలి. నెలకు 26 రోజులుగా లెక్క. నేను పదో తరగతి పాసయ్యాను, అందుకని పెన్ను నా చేతికిచ్చారు. పాత నోటు పుస్తకం అట్ట మీద 7,000ని 26తో భాగించి, పదిహేనుతో గుణించాను. ఏడాదికి నాలుగు వేల పైచిలుకు వచ్చింది. పాతికేళ్లు చేసిన ఆయాకైతే లక్ష దాటింది. అప్పటికి రిటైరయ్యే ఆయా చేతిలో పెడుతున్నది 20,000.

పట్టా మీద అందరూ ఆ అంకె వంకే చూశారు. వడ్డాది ఆయా పుస్తకం తీసుకుని పక్కావిడకి చూపించింది. ఆవిడకి చదువు రాదు. అయినా అంకె మీద వేలు పెట్టి, "ఇది నాదా?" అని అడిగింది.

ఆ మర్నాటి నుంచి భోజనాలయ్యాక మా మాటలు మేం మాట్లాడుకోవడం మొదలైంది. ఒకావిడకి గర్భసంచి ఆపరేషనైతే, కుట్లు ఆరకముందే సెంటరుకి వచ్చేసిందట. రాకపోతే పని ఎవరు చేస్తారు? ఇంకొకావిడ జ్వరమొస్తే కోడల్ని పంపేది. కోడలికి పురుడొచ్చినప్పుడు జ్వరంతోనే వండింది. ఊరి పిల్లలందరికీ బరువు తూస్తాం, మా ఒంట్లో రక్తమెంతుందో మాకు తెలీదు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు "నాదీ అదే కత" అనడమే. అన్నాళ్లూ ఒకే మండలంలో పని చేస్తూ, ఒకే మీటింగులకి వెళ్తూ కూడా ఈ కబుర్లు చెప్పుకోలేదు. మీటింగు అంటే వెనకాల కూర్చుని టీ గ్లాసులు లెక్కపెట్టుకోవడమే మాకు.

పిల్లల తల్లులు మాత్రం మమ్మల్ని వదల్లేదు. చెరకు నరుకుడు పనికి పోతున్న ఒకమ్మాయి చంటిదాన్ని టెంటులోకి తెచ్చి నా ఒళ్లో పెట్టేసింది. "ఎలాగూ ఊరికే కూకున్నారు కదా ఆయమ్మా, సాయంత్రం దాకా సూడు."

టీచర్లకు కోపమొచ్చింది. పిల్లల్ని చూస్తే ఇంక సమ్మెకి అర్థమేముందన్నారు. మాలో మాకే వాదన. చివరికి రాజాం ఆయా తేల్చింది: "తాళం సెంటరుకేశాం. గుంటకెక్కడేస్తాం?" ఆ పిల్ల నినాదాల మధ్యే నా చీర కొంగు నోట్లో పెట్టుకుని నిద్రపోయింది.

సమ్మెకి మద్దతుగా ఇల్లిల్లూ తిరిగే కోటి సంతకాల కార్యక్రమం వచ్చినప్పుడు ఆయాల సత్తా అందరికీ తెలిసింది. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఏ వేళకి ఎవరు పొలం నుంచి వస్తారో మాకు కొట్టిన పిండి. టీచరు కాగితం పట్టుకుంటే మేం గుమ్మం తొక్కేవాళ్లం. వేలిముద్రలు వేసిన ముసలమ్మలే, "మా మనవడికి అన్నం పెట్టిన సెయ్యి, వెయ్యకుండా ఎలాగుంటాం?" అన్నారు.

జనవరి 6న ఎస్మా జీవో వచ్చింది. ఆరు నెలలు సమ్మె నిషేధం. భయం అప్పుడు పట్టుకుంది. ఒకావిడ భర్త ఆవిణ్ణి ఇంట్లోంచి కదలనివ్వలేదు. ఉన్న ఏడు వేలూ పోతే ఎవరిస్తారన్నాడు. మేం నలుగురం వాళ్లింటికెళ్లాం. ఆయనతో వాదించలేదు. ఆ నోటు పుస్తకం అట్ట ఆయన ముందు పెట్టాం. ఆయన లెక్క తిరిగి వేసుకుని, "సరే, ఒక్కదాన్ని మాత్రం పంపను" అన్నాడు. ఒక్కదాన్ని మేమూ రానివ్వలేదు. అప్పటినుంచి రోజూ ఎవరో ఒకరు ఆవిడ గుమ్మం దాకా వెళ్లి తీసుకొచ్చేవాళ్లం. భోగినాడు రాష్ట్రమంతా అంగన్‌వాడీలు జీవో కాపీలు మంటల్లో వేశారు.

జనవరి 22 చలో విజయవాడ. దారిలోనూ విజయవాడలోనూ అరెస్టులని ఫోన్లు. ఆ రాత్రి చర్చలయ్యాయి, 42వ రోజున సమ్మె ముగిసింది. జీతం పెంపు జూలైలో చూస్తామన్నారు. రిటైర్మెంటు వయసు 62 చేశారు. రిటైరయ్యేటప్పుడు టీచరుకిచ్చే 50 వేలు 1.20 లక్షలైంది, ఆయాకిచ్చే 20 వేలు 60 వేలైంది. మా లెక్కలోని లక్షకి అది చాలా దూరం. ఇంకో మాట, ఆయాలు టీచర్లుగా ప్రమోషను పొందే వయోపరిమితిని 45 నుంచి 50కి పెంచుతామన్నారు. పేపర్లో అది చివరి వరసలో ఉంది. నేను మాత్రం అక్కడి నుంచే చదివాను. నాకు నలభై ఐదు దాటి కొంతకాలమే అయింది.

టెంటు విప్పేశారు, మా కూడిక మాత్రం విప్పలేదు. జీతం పడ్డాక వచ్చే ఆదివారం ఎవరో ఒకరి వీధరుగు మీద కలుస్తాం. మనిషికి వంద రూపాయలు. అది అప్పులకివ్వం, అప్పుకి డ్వాక్రా ఉంది. మందులకీ, చావు ఖర్చుకీ మాత్రమే తీస్తాం. అసలు పని వేరే ఉంది. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా, పక్క ఊరి ఆయా తన సెంటరులో వంట ముందే ముగించి వచ్చి ఇక్కడ పిల్లలకి తినిపించి వెళ్తుంది. టీచర్లు మొదట ఒప్పుకోలేదు. రెండు సెంటర్ల టీచర్లూ ఫోన్లో మాట్లాడుకుని సర్దుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదని తర్వాత వాళ్లకే తెలిసింది. వాట్సాప్‌లో రాయడం రానివాళ్లు వాయిస్ పెడతారు. పొద్దున్నే ఆరింటికి "ఒలమ్మో, జొరమొచ్చీసింది" అని వినిపిస్తే ఆ రోజు ఎవరి వంతో చూసుకుంటాం. ఆపరేషను చేయించుకున్న ఇంకో ఆయా, డాక్టరు చెప్పినన్నాళ్లూ మంచం మీదే ఉంది. మాకు అంతకంటే పెద్ద గెలుపు కనబడలేదు.

దగ్గరలో టీచరు పోస్టు ఖాళీ పడితే దరఖాస్తు పెడదామని సర్టిఫికెట్లన్నీ తీసి ఒక కవర్లో పెట్టుకున్నాను. మొన్న ఆదివారం ఆ సంగతి చెప్పి, "టీచర్నయితే మన మీటింగుకి నన్ను రానిస్తారా?" అని అడిగాను.

రాజాం ఆయా కాసేపు ఆలోచించినట్టు ముఖం పెట్టింది.

"వస్తే రాయే, వంద రూపాయలు కూడా తే. మైకు మాత్రం అడక్కు" అంది.