గ్రాము ఈస్టు

ఇంగ్లండులో ఉన్న మా తమ్ముడు ఇంట్లోనే ఆపిల్ రసం పులియబెట్టబోతున్నాడట. ‘అక్కా, 5 గ్రాముల పొట్లం 23 లీటర్లకట. నా జాడీ నాలుగున్నర లీటర్లే. ఎంత వెయ్యను?’ అని అడిగాడు. తెలుగు పంతులమ్మనైనా త్రైరాశికం మరిచిపోలేదు, గ్రాము చాలునన్నాను. ఈస్టు పాలలో వేసే తోడులాంటిది. తనంతట తానే పెరుగుతుంది. కాస్త ఎక్కువైనా ముప్పు లేదు. మరీ తక్కువైతే మాత్రం అది పుంజుకునేలోగా పరాయి క్రిములు చొరబడతాయి.

మన నెల్లూరు తీరాన తాటికల్లుకు ఈ తూకాలేవీ లేవు. గాలిలోనూ ముంతలోనూ ఉన్న ఈస్టే ఆ పని చేస్తుంది. పులియకూడదనుకుంటేనే ముంతలోపల సున్నం పూస్తారు, అది నీరా.

సరే, ఈస్టుకు కొలత దొరికింది. మరి తాగేవాడికో? 1992లో మన జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించి, ఆ కొలత సున్న అని తేల్చారు.