అరుంధతి కోట దగ్గర అర నిమిషం పాట

బనగానపల్లె అనగానే నోట్లో నీళ్ళూరే వాళ్ళు వొక రకం. ‘అరుంధతి’ గుర్తొచ్చి వొళ్ళు జలదరించే వాళ్ళు రెండో రకం. మన పాఠకులు రెండో రకమని నాకు తెలుసు! కనుక మామిడిపళ్ళ సంగతి (2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిందండోయ్) పక్కన పెట్టి, పాటల సంగతి చెబుతాను.

నంద్యాల – ఎర్రగుంట్ల లైను 2016లో పూర్తయ్యాక బనగానపల్లెకు రైల్లో వెళ్ళే వీలొచ్చింది. దిగగానే ఆటో. “యాడికి పోవల్ల సార్?” అన్నాడు డ్రైవరు. యాగంటి దారిలో నవాబు బంగళా అన్నాను. “అరుంధతి కోటకా! ఎక్కండి.”

నవాబుల సంస్థానం 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. బంగళా పేరు మాత్రం 2009 దాకా నిలిచింది. కోడి రామకృష్ణ సినిమా రాగానే ఆ పేరూ పోయింది. సినిమా అంటే మజాకానా!

బంగళా ముందు కుర్రకారు ఫోన్లు పట్టుకుని రీల్స్ తీస్తున్నారు. అందరిదీ కోటి బాణీయే, అందరిదీ అదే ముక్క. అర నిమిషం కాగానే కట్, మళ్ళీ మొదలు. చరణం ఎలా వుంటుందని వొక అబ్బాయిని అడిగితే “చరణం కూడా వుందా అన్నా?” అని నవ్వేశాడు.

2009లో ఆ పాటలు నాకు సెల్ షాపులో దొరికాయి. 2 జీబీ కార్డు ఇచ్చి “కొత్తవి ఎక్కించన్నా” అంటే, షాపాయన అడిగిన ‘అరుంధతి’తో పాటు అడగని ఘంటసాలనీ ఎక్కించేవాడు. అంతకుముందు క్యాసెట్టు రోజుల్లోనూ ఇదే వరస. 2001లో రికార్డింగ్ సెంటర్లో ‘మనసంతా నువ్వే’ చేయించుకున్నాను. అరవై నిమిషాల క్యాసెట్టులో వొక వైపు మనం కోరింది, రెండో వైపు ఆయన ఇష్టం. ఆయన ‘సాగరసంగమం’ నింపాడు. పదమూడేళ్ళ వాడికి ఇళయరాజా ఏం తలకెక్కుతాడు? ముందుకు తిప్పేద్దామంటే బ్యాటరీలు అయిపోతాయని ఇంట్లో తిట్లు! గత్యంతరం లేక విన్నాను. పదోసారికో పన్నెండోసారికో పట్టుకుంది. ఇప్పటికీ నా మొట్టమొదటి ఆల్బమ్ ఏదంటే అదే చెబుతాను. మా అమ్మకైతే ఆ మాత్రం ఎంపిక కూడా లేదు, కడప రేడియో ఏది వేస్తే అదే!

ఇప్పుడు ఫోన్ “మీకు నచ్చే పాటలు” అంటూ వరసగా వడ్డిస్తుంది. నచ్చుతాయి కూడా, అదే వచ్చిన చిక్కు! నచ్చకపోతే వేలితో నెట్టేయడమే. బ్యాటరీ భయం లేదుగా. పోయిన ఏడాది నేను విన్న జాబితా తీసి చూసుకుంటే, నాకు ఇరవై ఏళ్ళప్పుడు తెలియని గొంతు అందులో వొక్కటీ లేదు.

అదలా వుంచండి. బంగళా నుంచి యాగంటికి బయల్దేరాం. ఆటోలో పెన్ డ్రైవ్ మోగుతోంది. తంబుర, తాళాలు, నలుగురైదుగురి గొంతులు... బ్రహ్మంగారి తత్వాలు! వీరబ్రహ్మంగారు బనగానపల్లె అచ్చమ్మగారింట పశువులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని ప్రతీతి. ఎన్.టి.ఆర్. 1984లో ఆయన కథను తెరకెక్కించారు కదా.

“మార్చమంటే మారుస్తా సార్, సినిమా పాటలూ ఉండాయి” అన్నాడు డ్రైవరు.

“వుండనీ. ఎవరు పాడారు?”

“మా ఊరి భజన గుంపు సార్. సెల్లులో పట్టినా.”

అంటే ఏ యాప్‌లో వెతికినా దొరకవన్నమాట! యాగంటి గుడి ముందు ఆటో ఆపి, పెన్ డ్రైవ్ నుంచి కాదు, తన ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పంపాడు. మొత్తం పదకొండు. ఎండలో నిలబడి వొక్కొక్కటే దించుకునేసరికి అరగంట పట్టింది. పాటలకు పేర్లు లేవు, అంకెలే. తిరుగు రైల్లో నంద్యాల వచ్చేలోగా అన్నీ విన్నాను. రెండు మూడు సాగదీతగా వున్నాయి, నిజం చెప్పొద్దూ! ఏడోది మాత్రం మళ్ళీ పెట్టుకున్నాను. మధ్యలో ఎవరో పెద్దాయన దగ్గుతాడు, తాళం మాత్రం తప్పడు.