ఒట్టు పెట్టినంతనే చాలునా?

ఈ పత్రికలో ఉపాధ్యాయులు విద్యను గూర్చియు, నడవడిని గూర్చియు వ్రాయుట వాడుక. ఈ యేడు మేము మా యింటి సంగతి నొకదానిని వ్రాయ సాహసించుచున్నాము. దానిని దాచినంత కాలము అది మాకు కీడే చేసెను. మా తమ్ముని యనుమతి పొందియే వ్రాయుచున్నాము.

మా నివాసము కాణిపాకమునకు చేరువ. చిత్తూరునకు సుమారు 11 కిలోమీటర్ల దూరమున, బాహుదా నదీతీరమున, వరసిద్ధి వినాయకుని ఆలయము గలదు. ఆ సన్నిధిని అబద్ధమాడినవాడు బాగుపడడని యీ సీమవారి నమ్మిక. అప్పుల తగవులును, దొంగతనపు నిందలును అచ్చటి ప్రమాణముతో తీరుట కలదు. త్రాగుడు మానుదుమని ఒట్టు పెట్టుటకును జనులు స్నానము చేసి వత్తురు. వెంట వచ్చిన భార్యల ముఖములను చూచినవారికి ఆ ఒట్టు బరువు తెలియును.

మేము క్రైస్తవులము గనుక మా తమ్ముడు బైబిలుపై చేయి వేసి ఒట్టు పెట్టెను. ఒకమారు గాదు, మూడు మార్లు. మూడవది పదునొకండు దినములు నిలిచెను. మా పొరుగున నున్న చెరకు రైతు వినాయకుని యెదుట ప్రమాణము చేసి తప్పెను. తప్పితినను భయమును మరచుటకై మరింత త్రాగెను. ఇరువురును మనఃపూర్వకముగానే ఒట్టు పెట్టిరి. అందు కపటము లేదు.

మా తప్పును గూడ చెప్పవలెను. తమ్ముడు పనికి పోలేని దినముల జ్వరమని సెలవు చీటి వ్రాసి పంపినది మేమే. తరగతిలో అబద్ధపు చీటి తెచ్చిన పిల్లలను దండించునదియు మేమే! దుకాణపు బాకీలు తీర్చితిమి, బంధువులకు కథలు చెప్పితిమి. దీనిని ప్రేమ యనుకొంటిమి.

తుదకు కోపము వచ్చి, వానిని గదిలో నుంచి తాళము వేసితిమి. రెండవ రాత్రి వాని చేతులు వణకెను. లేని మనుష్యులు కనబడుచున్నారని కేకలు వేసెను. తెల్లవారకమునుపే మూర్ఛ వచ్చి పడెను. ఆసుపత్రిలో వైద్యుడు మమ్ము మందలించెను. బహుకాలము మిక్కిలిగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో ప్రాణాపాయము కలుగవచ్చుననియు, వైద్యుని కనుదృష్టిలోనే మాన్పింపవలెననియు చెప్పెను. ఇంటికి పంపునపుడు, “మందులు కొన్ని దినములకే. తరువాతి దినములకు మనుష్యులు కావలెను” అని, వేలూరులో జరుగు ఒక సభ జాడ తెలిపెను.

ఆ సభ ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘమునకు చెందినది. 1935వ సంవత్సరమున అమెరికాలోని ఆక్రన్ నగరమున బిల్ విల్సన్ అను వ్యాపారియు, బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడును, ఇరువురును త్రాగుడుచే చెడినవారే, ఒకరికొకరు తోడై దీనిని మొదలిడిరి. చేరుటకు రుసుము లేదు. మానవలెనను కోరిక యొక్కటి యున్న చాలును. అచ్చట విన్నవారి పేర్లు బయట చెప్పరాదు.

గుమ్మము వద్ద తమ్ముడు నిలిచిపోయెను. “అన్నా, నా మాట మీద నాకే నమ్మకం లేదు. ఇంకొక ఒట్టు పెట్టలేను” అనెను. లోపల పండ్రెండు కుర్చీలు, ఒక తేనీటి కూజా. కొందరు తమిళమునను, కొందరు తెలుగునను మాటలాడిరి. ఎవ్వరును ఒట్టు పెట్టుమని యడుగలేదు! “ఈ దినము త్రాగకుము, రేపటి మాట రేపు చూతము” అనిరి. నెరసిన తలతో నున్న యొక లారీ డ్రైవరు తన ఫోను సంఖ్యను కాగితముపై వ్రాసి యిచ్చి, “కోరిక పుట్టినప్పుడు త్రాగకమునుపే పిలువుము” అనెను.

నాలుగు నెలల పిమ్మట తమ్ముడు మరల జారెను. సిగ్గుచే ఆ వారము పోనని మొండికెత్తెను. పోగా ఎవ్వరును తిట్టలేదు. కుర్చీ జరిపి చోటిచ్చిరి. తరువాత పొరుగు రైతును గూడ వెంట గొనిపోయెను. నేటికి తమ్ముడు త్రాగక రెండేండ్లు దాటినది. ఇప్పటికిని ప్రతి వారము పోవుచున్నాడు. ఇంటివారికి వేరుగా అల్-అనాన్ అను సంఘము 1951లో ఏర్పడినది. అట్టివారి కూటమిలో మేమును కూర్చుండి, అబద్ధపు చీటీలు వ్రాయకుండుట నేర్చుకొంటిమి.

శాసనములకు విలువ లేదనము. 1938 అక్టోబరులో రాజాజీ ప్రభుత్వము మన చిత్తూరు జిల్లాలో మద్యనిషేధము విధించెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993లో సారాయు, 1995లో మద్యమంతయు నిషిద్ధమాయెను. 1997లో ఆ నిషేధము సడలెను. దుకాణము మూయుట శాసనము పని. తెరచియున్న దుకాణము ముందుగా ఇంటికి నడచి వచ్చుటకు మాత్రము తోడు కావలెను.

కాణిపాకపు కథ మీరెరుగుదురు. గ్రుడ్డి, మూగ, చెవిటి యగు మువ్వురు సహోదరులు కలిసి నూయి త్రవ్వుచుండగా విగ్రహము బయటపడెనందురు. ఏ యొక్కనికిని అన్నియు లేవు. అయినను మువ్వురును కూడి నీరు తోడుకొని బ్రదికిరి. వేలూరు గదిలో కూర్చున్నప్పుడెల్ల మాకు ఆ కథయే తలపునకు వచ్చును.

బాలబాలికలారా! మీలో కొందరి యిండ్లలో ఈ దుఃఖ మున్నదని మే మెరుగుదుము. అది మీ తప్పు గాదు. మీరు మాన్పింపవలసిన పనియు గాదు. నమ్మిన పెద్దవారితో చెప్పుడు. తల్లిదండ్రులారా! ప్రభుత్వాసుపత్రిలో విచారింపుడు, 14446 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును. మా గది తలుపు తట్టినను సరియే. మేము వెంట వత్తుము. వేలూరు బస్సు వేళలు మాకు కంఠస్థము.