పదిహేనేండ్ల పిల్ల చూడదగినదేనా?

‘నెవర్ హ్యావ్ ఐ ఎవర్’ అను ధారావాహికను మా అమ్మాయి చూడవచ్చునా అని కొందరు తల్లిదండ్రులు మమ్మడుగుచున్నారు. తెలుగు పాఠము చెప్పువారికి ఇందుతో నేమి పని యనవచ్చును గాని, కథలోని మంచిచెడ్డలు విచారించుటయే గదా మా వృత్తి!

మిండీ కేలింగ్, లాంగ్ ఫిషర్ సృష్టించిన ఈ ప్రణయహాస్య కథ 2020 నుండి 2023 వరకు నెట్‌ఫ్లిక్స్‌లో నాలుగు భాగాలుగా వెలువడినది. నాయిక దేవి కాలిఫోర్నియాలోని తమిళ కుటుంబపు పిల్ల, వయసు పదిహేను. పాఠశాల కచేరీలో ఆమె కన్నులయెదుటనే తండ్రి కుప్పకూలి మరణించినాడు. అటు పిమ్మట ఆమెకు పుట్టిన మగపిల్లల పిచ్చి ఆ దుఃఖమునుండి పారిపోవుటయే. శరీర సంబంధమైన మాటలు విచ్చలవిడిగా వినబడును. పది నిమిషములకే కట్టివేసిన పెద్దలను మేము తప్పుపట్టము. అయితే వారికి కథ అందలేదు.

2021 నాటి నియమావళి మన దేశములో 7, 13, 16 ఏండ్ల గుర్తులు, పెద్దలకు వేరొక గుర్తు ఏర్పరచినది. అది కొంత మేలే.

మాకు ముఖ్యమనిపించినది రెండవ భాగము. భారత సంతతి ముస్లిం బాలిక అనీసా ఆ పాఠశాలలో చేరును. అసూయతో దేవి, ఆమెకు తిండి మానుకొను జబ్బున్నదని నోరుజారును. మాట బడియంతా ప్రాకును. ఆ పిల్ల నిజముగానే ఆ జబ్బుతో బాధపడినదని తరువాత తెలియును. చెవినుండి చెవికి మాటలు పోవుట మా ఆవరణలోను లేకపోలేదు.

ఎనిమిదవ తరగతి పిల్లలకు వద్దందుము. ఇంటర్మీడియట్ పిల్లలు చూడవచ్చును, తల్లి కూడ పక్కన కూర్చుండిన మరీ మంచిది.