ఒకే ముఖం

అభ్రకం రేకుల మీద వేసిన బొమ్మల్ని మొదటిసారి విదేశంలో ఒక మ్యూజియంలో చూశాను. అరచేతిలో పట్టేంత చిన్నవి. 19వ శతాబ్దంలో ముర్షిదాబాదు, పాట్నా, కాశీ, తిరుచిరాపల్లి చిత్రకారులు గీసి ఇంగ్లీషువాళ్లకి అమ్మినవి. నీళ్లు మోసే మనిషి, బట్టలుతికే మనిషి, పిల్లల ఆయా, నాట్యకత్తె. స్వదేశానికి వెళ్లేటప్పుడు పెట్టెలో సర్దుకుపోగలిగిన ఇండియా అన్నమాట. గీసినవాళ్లలో చాలామంది పేర్లు ఎక్కడా లేవు. ఫొటోలు వచ్చాక వీటికి గిరాకీ పోయింది.

వాటిలో ఒక సెట్టు దగ్గర ఆగిపోయాను. అట్ట మీద ఒక్కటే ముఖం. అభ్రకం రేకుల మీద రకరకాల బట్టలు, నగలు, పనిముట్లు. తల ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. ఏ రేకు తెచ్చి ఆ ముఖం మీద పెడితే ఆ కులం, ఆ వృత్తి. చూసేవాళ్లకి కావలసింది రకాలే తప్ప మనుషులు కాదు.

నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ గూడూరు దగ్గర మైకా కంపెనీలో ఇరవై ఏళ్లు రేకులు చీల్చింది. మా పిల్లలకి అది ఆడుకునే కాకిబంగారం. ఆవిడకి కూలి.

పరిశోధన కోసం ఆవిడతోనూ, ఆవిడతో పనిచేసిన మరో ఆరుగురితోనూ మాట్లాడాను. ఏడుగురి మాటలూ కలిపి వ్యాసంలో ఒక స్త్రీని తయారుచేశాను. తలొంచుకుని అన్నీ భరించే 'మైకా కార్మికురాలు'. అచ్చయ్యాక అమ్మమ్మకి చదివి వినిపిస్తే చివరిదాకా విని, "ఇందులో నేనేడుండాను మే?" అంది.

కూలి తగ్గించి రాశాడని మేస్త్రీతో గొడవపడి నెల్లాళ్లు పని పోగొట్టుకున్న సంగతి ఆవిడ చెప్పింది. మధ్యాహ్నం తిండి దగ్గర వాళ్లు పాడుకున్న బూతుపాటలూ చెప్పింది. నా వ్యాసంలోని ముఖానికి అవి నప్పవని వదిలేశాను. పేరు దాచడం ఆవిడ రక్షణ కోసమే కావచ్చు. కోపాన్నీ నవ్వునీ దాచింది ఎవరి రక్షణ కోసం?

ఆ చిత్రకారులకి కనీసం పొట్టకూటి అవసరం ఉంది. నాకున్నది సిద్ధాంతం మీద మోజు.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. క్యాసెట్లున్నాయి. ఈసారి ఏడుగురినీ విడివిడిగా వింటున్నాను. ఒకరి మాట మరొకరితో కుదరడం లేదు. కుదర్చకుండా రాయడం ఎలాగో ఇప్పుడే నేర్చుకుంటున్నాను.