ముల్లు లేని వెండి తుమ్మ

జులైలో బ్రిస్బేన్ వస్తే ఒక చెట్టు దగ్గర మీ ఫోన్ కెమెరా ఆగిపోవడం ఖాయం. ఇక్కడ అది చలికాలం. వెండిపూత పూసినట్టుండే గుండ్రటి ఆకులు, పట్టుకుంటే మెత్తగా ముఖమల్‌లా ఉంటాయి. కొమ్మ చివర్ల నిండా పసుపు పచ్చని బొడిపెల్లాంటి పూలు.

పేరు క్వీన్స్‌లాండ్ సిల్వర్ వాటిల్. వాటిల్ అంటే మన తడికే! తొలిరోజుల్లో వచ్చిన ఇంగ్లిషువాళ్లు ఇక్కడి సన్న కొమ్మలతో తడికలల్లి, మట్టి మెత్తి ఇళ్లు కట్టుకున్నారు. ఆ పేరే ఈ చెట్లకు స్థిరపడింది. మన నల్లతుమ్మకు దగ్గర చుట్టమే కానీ, ముల్లు ఒక్కటీ ఉండదు. అన్నట్టు, 2005లో వియన్నాలో శాస్త్రవేత్తలు అకేసియా అన్న పేరును ఈ ఆస్ట్రేలియా చెట్లకే ఉంచేశారు. మన నల్లతుమ్మ ఇప్పుడు పుస్తకాల్లో వాచెలియా.

మా పెరట్లో దీన్ని గింజ నుంచే పెంచాను. పెంకు మహా గట్టిది. మరిగిన నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, ఉబ్బిన గింజల్నే నాటాను. మొదట చింతాకులాంటి ఆకులు వచ్చాయి. తర్వాత తమాషా మొదలైంది. ఆకు కాడే వెడల్పై, ఆకు పని చేయడం మొదలుపెట్టింది. వేళ్లు కదిలిస్తే ఊరుకోదు, అందుకే చిన్నగా ఉన్నప్పుడే నేలలో పెట్టాలి. నీళ్లు నిలవకూడదు. ఎరువు పెద్దగా అడగదు. కంది, పెసరలాగే వేళ్ల బుడిపెల్లో నత్రజని సంపాదించుకుంటుంది.

మూడో చలికాలానికి పూసింది. ఆయుష్షు మాత్రం పది, పన్నెండేళ్లే. మామిడి మనవల కోసం నాటుతాం. ఇది నాటినవాళ్ల కోసమే. వీసా ఎన్నాళ్లుంటుందో తెలియని నాలాంటివాడికి అదే నచ్చింది.

మొన్న వీడియో కాల్‌లో చూసి అమ్మ మురిసిపోయింది. "వచ్చేటప్పుడు నాలుగు గింజలు పట్రారా, మన దొడ్లో వేద్దాం" అంది.

"తేనమ్మా" అన్నాను.

ఎందుకంటే ఇదే చెట్టు దక్షిణాఫ్రికాలో కలుపై కూర్చుంది. గింజలు మట్టిలో ఏళ్ల తరబడి కాచుక్కూర్చుంటాయి. గుంటూరులో సర్కారు తుమ్మను నరికి నరికి చేతులు గీరుకుపోయిన మా అమ్మకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

"సరేలే, ఫొటోలు పంపు" అంది.

పంపుతూనే ఉన్నా. సెప్టెంబరు 1న దేశమంతా వాటిల్ డే చేసుకునేసరికి మా చెట్టుకు పూలు రాలిపోయి, కాయలు వేలాడుతుంటాయి. చూడాలంటే ముందే రండి.