మా చిన్నమ్మాయి చదువు



మా చిన్నమ్మాయి ఈ వేసవిలో ఇంటర్మీడియటు ముగించినది. గణితమన్నను భౌతికమన్నను దానికి ప్రాణము. ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకు వచ్చి కంప్యూటరు శాఖలో సీటు దొరకినది. ఇంటిల్లిపాదియు సంతోషించుచుండగా అది మెల్లగా, "నేను బి.యస్సీ.లో భౌతికశాస్త్రము చదివెదను, దానితో బాటు చరిత్రయు జదివెదను" అనినది. దీపము పెట్టబోవుచున్న మా అత్తగారు ఆగిపోయిరి. మావారు మాటాడక భోజనము ముగించి లేచిరి.

ఆ రాత్రి నేను దానిని చేరదీసి ఎ. లలితగారి కథ చెప్పితిని. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబమున బుట్టిన యామె పదునెనిమిదేండ్లకే భర్తను గోల్పోయెను. ఒడిలో నాలుగు నెలల పసికందు. తండ్రిగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆయన ప్రోత్సాహమున నచ్చటనే చేరి 1943లో విద్యుత్ శాఖలో పట్టము గైకొనెను. పట్టా కాగితములో పురుషునకై అచ్చువేసిన మాటను గొట్టివేసి స్త్రీపరముగా దిద్దవలసి వచ్చెనట! "చూచితివా, ఆ చదువే గదా యామెను నిలువబెట్టినది" అంటిని. అమ్మాయి నవ్వి, "అమ్మా, ఆడవారికి గాదన్న చదువు నామె చదివినది. నేనును మీరు వలదన్న చదువే యడుగుచున్నాను" అనినది. నాకు బదులు తోచలేదు. ఇప్పటి పిల్లలతో వాదించుట కష్టమే.

నా మనస్సులోని ముల్లు వేఱు. మా పెద్దమ్మాయికి రసాయనశాస్త్రముపై మక్కువ. ఆరేండ్ల క్రిందట మేమే దానిని ఇంజనీరింగులో జేర్చితిమి. చదివినది, ఉద్యోగము జేయుచున్నది, నెలనెలా మాకింత పంపుచున్నది. వంక పెట్టుటకేమియు లేదు. కాని మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు, అటకమీది పాతపుస్తకముల నడుమ తన రసాయనపు నోటుబుక్కు కనబడగా దుమ్ము తుడిచి, "నన్నెవ్వరు నడుగలేదమ్మా" అనినది. కోపముగా నైనను అనలేదు. అదియే నన్ను బాధించినది.

మావారి భయమును కొట్టిపాఱవేయదగినది కాదు. బి.యస్సీ.తో నిలిచిపోయినచో ఉద్యోగము దొరకుట కష్టము, ఎం.యస్సీ., పరిశోధన యనగా ఏండ్లు పట్టును. అందుచే విచారించితిమి. గణితముతో బి.యస్సీ. ముగించినవారు ఈసెట్టు వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున జేరవచ్చును, ఎం.సి.ఏ. చదువవచ్చును. ఏ దారియు పూర్తిగా మూతపడదు, ఏండ్లు మాత్రము ఖర్చగును. విజ్ఞానమును సాహిత్యచరిత్రలతో గలిపి బోధించు ప్రైవేటు విశ్వవిద్యాలయముల రుసుములు విని గుండె గుభేలుమన్నది. అది మా తాహతు గాదని అమ్మాయియే త్రోసివేసినది. 2020 జాతీయ విద్యావిధానము తరువాత డిగ్రీలో ప్రధానవిషయముతో బాటు వేఱొక విషయమును జదువు వీలు కలిగినది గనుక, నాలుగు కళాశాలలు స్వయముగా బోయి చూచితిమి. తాళము వేసిన గది చూపి యిదియే ప్రయోగశాల యన్న చోటనుండి వెంటనే తిరిగివచ్చితిమి.

ఇంజనీరింగు రుసుము గట్టవలసిన తుదిదినమున పెద్దమ్మాయి ఫోను జేసి తండ్రితో చాలసేపు మాటాడినది. ఏమనెనో ఆయన నాకు జెప్పలేదు. లోపలికి వచ్చి, "రేపు డిగ్రీ కళాశాలకు బోవుదము, సర్టిఫికెట్లు తీసి యుంచుము" అనిరి. ఆ సీటు కాగితమును మాత్రము చింపివేయలేదు. మడిచి బీరువాలో ఇంటిపత్రముల క్రింద భద్రముగా పెట్టిరి.